కొవ్వు పంపే కబురు, కండ పంపే కబురు

మధుమేహానికీ ఒంట్లోని వాపు ప్రక్రియకూ ముడి ఉందని రాసేవారెవరైనా 1993 నాటి ఒక పత్రం దగ్గర మొదలుపెడతారు. హోటామిస్లిగిల్, స్పీగెల్‌మన్ బృందం ‘సైన్స్’లో ప్రచురించినది. దాని పక్కన 2019లో ‘సెల్ మెటబాలిజం’లో వచ్చిన కోపెన్‌హాగన్ పత్రాన్ని పెట్టి చదవాలి. రెండూ రోగనిరోధక వ్యవస్థ సంకేతాలైన సైటోకైన్ల గురించే. తీర్పులు మాత్రం ఎదురెదురు.

మొదటిది సాహసోపేతమైనది. టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే సైటోకైన్‌ను స్థూలకాయ ఎలుకల కొవ్వే తయారుచేస్తోందని, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోందని చూపింది. కొవ్వును ఉత్త నిల్వసరుకుగా చూసే అలవాటుకు అది గట్టి దెబ్బ. 1996లో అదే బృందం కారణమూ చెప్పింది: ఇన్సులిన్ గ్రాహకం నుంచి సంకేతం అందుకునే ఐఆర్ఎస్-1 ప్రోటీన్‌కు టీఎన్ఎఫ్ వల్ల తగలకూడని చోట ఫాస్ఫేట్ తగులుతుంది, సంకేతం ముందుకు సాగదు. ఇంత ముచ్చటైన వివరణ దొరికాక మనుషుల్లోనూ ఇంతేననిపిస్తుంది. కానీ ఆ ఏడాదే స్థూలకాయ మధుమేహులకు టీఎన్ఎఫ్‌ను బంధించే యాంటీబాడీ ఇస్తే ఇన్సులిన్ పనితీరు మారలేదు. ఒక్క డోసుతో అంతా తేలదన్న వాదన న్యాయమైనదే. అయినా ఆ వైఫల్యానికి దక్కాల్సిన చోటు ప్రచారంలో దక్కలేదు.

రెండో పత్రంలోని సైటోకైన్ ఐఎల్-6 కూడా స్థూలకాయుల రక్తంలో ఎక్కువే ఉంటుంది, అందుకే దోషుల్లో చేరిపోయింది. కానీ వ్యాయామం చేసేటప్పుడు కండరమే దాన్ని రక్తంలోకి వదులుతుందని బెంటె క్లార్లుండ్ పెడెర్సెన్ బృందం అంతకుముందే చూపింది. 2019 పత్రంలోని ప్రయోగానికి పొట్ట పెరిగిన 53 మందిని తీసుకున్నారు. కొందరిచేత 12 వారాలు సైకిల్ తొక్కించారు, కొందరిని మామూలుగా ఉండనిచ్చారు. రెండు వర్గాల్లోనూ కొందరికి ఐఎల్-6 సంకేతాన్ని ఆపే టోసిలిజుమాబ్ ఇచ్చారు. 2021లో కొవిడ్ రోగుల కోసం మనవాళ్లు ఊళ్లన్నీ గాలించిన మందే ఇది. మందు పడకుండా తొక్కినవారికి పొట్ట లోపలి కొవ్వు తగ్గింది. మందు పడ్డవారికి తొక్కినా తగ్గలేదు.

నా మొగ్గు రెండోదానివైపే. మనుషుల్లో, ఒక సంకేతాన్ని తీసేసి చూసి చెప్పిన మాట కాబట్టి. ఇన్సులిన్ పనితీరు దెబ్బతినడానికి సైటోకైన్ పేరొక్కటే కారణం కాదు. అది ఎక్కడ పుట్టింది, ఎంతసేపు ఉంది అన్నదే అసలు సంగతి. కొవ్వు నుంచి వచ్చేది రోజుల తరబడి నిలుస్తుంది, కండ నుంచి వచ్చేది వ్యాయామం ఆగాక కొన్ని గంటల్లో తగ్గుతుంది. పైగా ఈ రెండు ప్రోటీన్లకూ నేరుగా సంబంధముంది: 2003 ప్రయోగంలో బ్యాక్టీరియా విషాన్ని స్వల్పంగా ఎక్కిస్తే ఊరికే కూర్చున్నవారిలో టీఎన్ఎఫ్ పెరిగింది, సైకిల్ తొక్కినవారిలోనూ ఐఎల్-6 ఎక్కించుకున్నవారిలోనూ ఆ పెరుగుదల కనబడలేదు.

అయితే కోపెన్‌హాగన్ పత్రానికీ ఒక లోటుంది. టోసిలిజుమాబ్ ఒళ్లంతటా ఐఎల్-6ను ఆపుతుంది. కాబట్టి కొవ్వు కరిగించినది కండ నుంచి వచ్చిన ఐఎల్-6 అన్న మాట, ఆ ప్రయోగం నిరూపించినదానికంటే ఒక అడుగు ముందుంది.