పరుపు కింద బొమ్మ

పోయిన వేసవిలో చెవిటికల్లు వెళ్ళినప్పుడు మా అక్క కూతురు తన గది చూపించింది. గది పూర్తిగా తనదేం కాదు. ఒక మూల పత్తి బోరాలు, ఇంకో మూల పురుగుమందు డబ్బాలు. మంచం పక్క గోడ మాత్రం తనది. ఇష్టమైన పాటలు వింటూ డ్రాయింగ్ షీట్ల మీద బొమ్మలు వేసి అంటించింది. పాత శుభలేఖలు కత్తిరించి వాటికి అంచులు కట్టింది. ఎండిన పత్తికాయ డొప్పలకు రంగులు వేసి, దండ గుచ్చి కిటికీకి వేలాడదీసింది. రోజూ నందిగామ బస్సులో కాలేజీకి పోయొచ్చే పిల్ల ఇదంతా ఎప్పుడు చేసిందో!

మర్నాడు పెళ్ళిచూపులు. పొద్దున్నే బావగారు వచ్చి, "ఆ కాయితాలు తీసెయ్యమ్మా, వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆ పిల్ల ఒక్కొక్కటే ఊడదీసి పరుపు కింద పెట్టింది. అప్పుడు నాకు సీత గుర్తొచ్చింది.

తెలుగు స్త్రీల రామాయణ పాటల్లో ఒక కథ ఉంది. వెల్చేరు నారాయణరావు ఈ పాటల మీద 1991లో ఇంగ్లీషులో రాసిన వ్యాసం వల్ల దీని గురించి బయటి ప్రపంచానికీ తెలిసింది. అయోధ్యకు తిరిగొచ్చిన సీత దగ్గరకు శూర్పణఖ వేషం మార్చుకుని వస్తుంది. రావణుడి బొమ్మ గీసి చూపించమంటుంది. సీత అతని మొహం ఎన్నడూ చూడలేదు కాబట్టి కాలి దగ్గరే ఆగిపోతుంది. మిగతాది శూర్పణఖ పూర్తిచేసి ప్రాణం పోయిస్తుంది. ఆ బొమ్మ ఎంతకీ వదలదు, నాశనం కాదు. సీత దాన్ని పరుపు కింద దాస్తుంది. రాముడి కంట పడుతుంది. సీత అడవుల పాలవుతుంది.

16వ శతాబ్దంలో బెంగాలీలో రామాయణం రాసిన చంద్రావతి కూడా ఈ కథే చెప్పింది. అక్కడ కైకేయి కూతురు కుకుయ సీతచేత విసనకర్ర మీద రావణుణ్ణి గీయిస్తుంది. ఆడవాళ్ళు చేత్తో చేసుకునే, చేత్తో పట్టుకునే విసనకర్రే సీత మీద సాక్ష్యం అవుతుంది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళకో ఇదే కథ ఎందుకు తట్టింది? ఆడదాని గదిలో బొమ్మ కనిపిస్తే, అది ఎలా ఉందని ఎవరూ అడగరు. ఎవర్ని తలుచుకుని వేసిందని అడుగుతారు. ఆమె గీసింది పాదమే అయినా, మొహం లోకమే పూర్తి చేస్తుంది. ఇది వాళ్ళకు అనుభవంలో తెలుసు. మా బావగారి భయం కూడా ఇదే. పిల్ల ప్రేమపాటకు బొమ్మ వేసిందంటే, వెనక ఎవరో ఉన్నాడనుకుంటారేమోనని.

ఈ పాటలో నాకు నచ్చేది, అంతఃపురపు ఆడవాళ్ళంతా సీత పక్షాన నిలవడం. అయినా ఇక్కడే నాకు ఒక పేచీ ఉంది. వాళ్ళ వాదనంతా సీత ఆ బొమ్మ కావాలని వేయలేదన్న దాని మీదే నిలబడింది. మరి వేసి ఉంటే? ఇష్టపడే వేసి ఉంటే? పాట ఆ ప్రశ్న దాకా రాదు. మా పిల్ల తన బొమ్మలు తనే వేసింది, తలనుంచి కాళ్ళదాకా. ఆమె పక్షాన మాట్లాడాలంటే 'పాపం, ఏమీ తెలియని పిల్ల' అంటే సరిపోదు.

ఇంకో మాట. నారాయణరావు ముఖ్యంగా చర్చించింది బ్రాహ్మణ స్త్రీల ఇళ్ళలోని పాటలను. మా ఇంట్లో ఎవరూ వీటిని పాడలేదు. మా అమ్మకు తెలిసినవి కలుపు తీసేటప్పటి పాటలు. ఆమెకు దాచుకోవడానికి పరుపూ లేదు, గదీ లేదు. కానీ గోడ ఉంది. ఎర్రమట్టితో మెత్తి, పేడతో అలికి, సున్నంతో పండక్కి ముగ్గులు వేసింది ఆమే. అప్పుడు వచ్చేవాళ్ళు ఏమనుకుంటారని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆ ముగ్గులు ఇంటి కోసం. ఆడదాని చేతిపని ఇంటి కోసమైతే లక్ష్మీకళ, తన కోసమైతే కాయితాలు. సొంత గది కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసింది. ఆ గదిలో మేకు కొట్టడానికి ఎవర్ని అడగాలి అన్నది మన ఇళ్ళల్లో ఇంకా తేలని సంగతి.

బొమ్మలు గొప్పగా ఉన్నాయని చెప్పను. చాలావాటిలో ఆ పిల్ల సినిమా పాటల్లోని అమ్మాయినే వేసింది, అంటే పాట రాసిన మగవాడు చూసిన అమ్మాయిని. జారే జడ, వాలిన కళ్ళు. ఒక్కటి మాత్రం వేరు. అమ్మమ్మ పాడిన కలుపు పాటకు వేసింది. అందులో వంగిన వీపులు వరసగా ఉన్నాయి, మొహాలు లేవు. "మొహాలు వెయ్యలేదేమే?" అంటే, "వంగుంటే కనపడవుగా పిన్నీ" అంది. తనకు తెలిసిన పనిని తన కళ్ళతో చూసింది అక్కడే.

వచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళారు. సాయంత్రం పరుపు ఎత్తి చూస్తే కొన్ని షీట్లు నలిగాయి, అంచులు ఊడాయి. మైదాపిండి ఉడకబెట్టి ఇద్దరం మళ్ళీ అంటించాం. బావగారు గుమ్మం దగ్గర కాసేపు నిలబడి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. రేపు ఇంకో సంబంధం వస్తే మళ్ళీ తీయమంటారేమో. అప్పుడు నేనక్కడ ఉండను. మా అక్క ఉంటుంది. ఏమంటుందో చూడాలి.