జమిడిక ఉంటదా?

సిరిసిల్లలో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, షిఫ్టు మారే వేళ. రాత్రి షిఫ్టు దిగిన ఇద్దరు చాయ్ హోటల్ ముందు నిలబడి వాదించుకుంటున్నారు. ఒకరికి పాతికేళ్ళు ఉంటాయేమో, ఇంకొకరికి యాభై దాటాయి. గొడవ కూలి రేటు గురించి కాదు. వేణు యెల్దండి తర్వాతి సినిమా ‘ఎల్లమ్మ’ పాటల గురించి.

“బలగం అసొంటియే ఉంటయి కాకా. ఊరి మీద ఒకటి, సావు మీద ఒకటి పక్కా. రామ్ మిరియాల ఒకటి పాడుతడు, రాసుకో.”

“పాడేది ఎవలైతేంది తమ్మీ. ఎల్లమ్మ అని పేరు పెట్టినంక జమిడిక ఉంటదా ఉండదా, గది చెప్పు.”

“జమిడిక అంటే ఏంది?”

ఈ కాలమ్ రాసేటాయన అప్పుడే బస్సు దిగి చాయ్ కోసం అక్కడ ఆగాడు. ఆ మాటలు చెవిన పడగానే చిర్రెత్తింది. ఎందుకో ఎప్పటినుంచో చదివేవాళ్ళకు తెలుసు. పాట వచ్చాక మాట్లాడాలి, రాకముందే మాట్లాడితే చెవి నిండిపోయి పాటకు చోటు మిగలదు అని ఆయన ఇదే చోట నాలుగైదుసార్లు రాశాడు. ప్రతిసారీ అమెరికాలోని బీచ్ బాయ్స్ బ్యాండ్ సంగతి సాక్ష్యం తెచ్చాడు. వాళ్ళ ‘స్మైల్’ ఆల్బమ్ 1967లో రావాల్సింది. కవర్లు కూడా అచ్చయ్యాక పని ఆగిపోయింది. అభిమానులు బయటికొచ్చిన ముక్కలు పట్టుకుని ఏ పాట ముందు, ఏది వెనక అని ఏళ్ళకేళ్ళు ఊహిస్తూనే ఉన్నారు. చివరికి 2004లో ఆ బ్యాండ్ మనిషి బ్రయాన్ విల్సన్ దాన్ని పూర్తి చేసి వినిపించేసరికి ఎవరి తలలో వాళ్ళ ‘స్మైల్’ ఒకటి తయారై ఉంది. ఇక కొత్తదాన్ని కొత్తగా వినేదెవరు అన్నది ఆయన వాదన.

ఈసారీ అదే రాద్దామని కూర్చున్నాడు. కాలం చెల్లిన వస్తువులకు ఇవ్వాల్సిన గౌరవం గురించి నాలుగు మాటలు కలపొచ్చని కోరుట్ల ఇంట్లో అటక మీది అట్టపెట్టె దించాడు. అందులో క్యాసెట్లున్నాయి.

పెద్దన్న 1988లో దుబాయ్ పోయాడు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల ఆ రోజుల్లో ఇంటికొకరు పోయినట్టే ఉండేది. మొదటిసారి వచ్చినప్పుడు నేషనల్ పానసోనిక్ టూ ఇన్ వన్ తెచ్చి ఇంట్లో పెట్టి వెళ్ళాడు. అమ్మకు చదువు రాదు. ఉత్తరం ఇంకొకరితో రాయిస్తే మనసులోది రాదు. అందుకని క్యాసెట్‌లో మాట్లాడి, దుబాయ్ పోయే ఊరివాళ్ళ చేతికిచ్చి పంపేది. ఏ సైడు అమ్మది. ఎర్ర మీట నొక్కగానే, “బాగున్నవా బిడ్డా” అని అడిగి ఆగేది. కొడుకు ఎదురుగా కూర్చున్నట్టు, బదులు చెప్పడానికి సమయం ఇచ్చేది. ఆ ఖాళీలో గోడ గడియారం కొట్టుకోవడం, వాకిట్లో కోడి గీరుకోవడం ఇప్పటికీ టేపులో వినబడతాయి. తర్వాత పొలం సంగతి, బర్రె ఈనిన సంగతి, అప్పు ఎంత తీరిందో ఆ లెక్క.

బీ సైడు తమ్ముడిది, అంటే ఈ కాలమ్ రాసేటాయనది. ముప్పై నిమిషాలు. అందులో కొత్త సినిమా పాటలు నింపి పంపాలన్నది అన్న పెట్టిన షరతు. 

రికార్డింగ్ సెంటర్‌కు కాగితం మీద పాటల జాబితా రాసుకుని పోవాలి. ఒక్కో పాట నాలుగున్నర నిమిషాలనుకుంటే ఆరు పడతాయి. ఏడోది రాశావంటే చరణం మధ్యలో టేపు అయిపోతుంది. మూసేముందు పెన్సిల్‌తో చక్రం తిప్పి టేపు బిగుతుగా ఉందో లేదో చూసుకోవాలి. అన్నకు ఏవి నచ్చుతాయో ఇక్కడ కూర్చుని ఊహించడం ఒక పని. అక్కడ ఆయన ఏవి రాబోతున్నాయో ఊహించి, తన క్యాసెట్‌లో అడగడం ఇంకో పని.

1991లో వచ్చిన క్యాసెట్‌లో అన్న గొంతు ఇలా ఉంది: “శివ తీసినాయన మళ్ళా తెలుగుల తీస్తుండట గదరా. పాటలు ఇళయరాజయే గదా? రాంగనే నింపి పంపు.” గదిలో ఎనిమిది మంది ఉంటారు, అందరూ మన దిక్కు వాళ్ళే, ఇదే మాట మీద రెండు రాత్రులు నిద్రపోలేదని నవ్వుతూ చెప్పాడు. కోరుట్లలోనూ అదే చర్చ. 1989లో ‘శివ’కు ఇళయరాజా ఇచ్చింది వింటే రామ్‌గోపాల్ వర్మ ఇంకొకరి దగ్గరికి పోతాడని ఎవరనుకుంటారు? గోలీ సోడాల పందెం నడిచింది. తీరా ‘క్షణ క్షణం’ క్యాసెట్ దుకాణానికొస్తే లోపలి కాగితం మీద ఎం.ఎం. కీరవాణి అని ఉంది. ‘మనసు మమత’తో ఆయన పేరు తెర మీదికొచ్చి అప్పటికి ఏడాదే అయింది. పందెం పోయింది. క్యాసెట్ పెట్టకముందే ఆ కాగితం పట్టుకుని ఇంకో ఊహ మొదలైంది. ఒక పాట పక్కన బాలు, చిత్ర అని ఉంది కాబట్టి ఇది డ్యూయెట్, ఊపుగా ఉంటుంది అన్నారు మిత్రులు. అది అడవిలో నిద్రపుచ్చే పాట. సిరివెన్నెల రాసింది.

ఆ పాటను బీ సైడు మొదట్లో పెట్టి పంపాడు తమ్ముడు. రెండు నెలలకు బదులొచ్చింది. “ఇళయరాజ కాదంటివి, మంచిదే. గా నిద్రపుచ్చే పాట మళ్ళొకసారి నింపు, టేపు సాగిపోయింది.”

ఈ వారం ఆ క్యాసెట్ మళ్ళీ విన్నాక కోపంగా రాద్దామనుకున్న కాలమ్ ముందుకు కదల్లేదు. పాట రాకముందు నోరు మూసుకున్న రోజులు తన జీవితంలో ఏవీ లేవని అందులోనే రికార్డయి ఉంది. అన్న ఊహించాడు, తను ఊహించాడు, గదిలోని ఎనిమిది మందీ ఊహించారు. అందరూ తప్పారు. తప్పిన చెవుల్లోకే ఆ పాట దూరింది, టేపు సాగిపోయేదాకా ఉంది. ఊహతో చెవి నిండి ఉంటే అది జరిగేది కాదు.

అయితే ఒక తేడా ఉంది. అప్పటి ఊహలన్నీ పేర్ల చుట్టూ తిరిగేవి. సంగీత దర్శకుడెవరు, పాడేదెవరు అంతే. ఏ వాద్యం, ఏ దరువు అని అడిగినవాళ్ళు ఆయనకు గుర్తు లేరు.

‘బలగం’ వచ్చినప్పుడు ఏం జరిగిందో ఈ దిక్కు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వేణు సిరిసిల్ల మనిషి, సినిమా తీసింది ఇక్కడి పల్లెల్లోనే. 2023 మార్చి 3న విడుదలైంది. భీమ్స్ సిసిరోలియో సంగీతం, కాసర్ల శ్యామ్ సాహిత్యం. ఊరి పాటను మంగ్లీతో కలిసి పాడిన రామ్ మిరియాల గొంతు మన కుర్రాళ్ళకు అంతకుముందే తెలుసు. హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్‌లో గిటార్ల మధ్య విన్నదే, 2020లో చేతులు కలపొద్దని కరోనా పాట పాడి ఇంటింటికీ వచ్చిందే. ఆ ఊరి పాటకే కాసర్ల శ్యామ్‌కు 71వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ గీత రచయిత పురస్కారం వచ్చింది. అక్కడిదాకా ఊహకు అందేదే. కానీ పల్లెల్లో నడి బజార్లో తెర కట్టి, ఊరంతా చాపలేసుకుని కూర్చుని ఏడ్చింది ఆ పాటకు కాదు. చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ కథ చెప్పినట్టు పాడినదానికి. వరంగల్ జిల్లా దుగ్గొండి నుంచి వచ్చిన బుడగ జంగాల దంపతులు వాళ్ళు. ఊరూరా తిరిగి పాడి బతికినవాళ్ళు. సినిమా రాకముందు ఏ అభిమానీ వాళ్ళ పేరు ఊహించలేదు. 2024 డిసెంబర్‌లో మొగిలయ్య కిడ్నీల జబ్బుతో పోయాడు. ఆ గొంతు ఇంకొక్క ఆల్బమ్‌లోనైనా వినబడాల్సింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఆ పాటను ఊహించలేకపోవడానికి కారణం అది కొత్తది కావడం కాదు. పాతది కావడం. వాకిట్లో నిలబడి పాడితే గుప్పెడు బియ్యం పోసి పంపిన గొంతును సినిమా పాటగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

హోటల్ ముందు పెద్దాయన అడిగింది సరిగ్గా ఆ లెక్క. ఒగ్గువాళ్ళు డోలు కొట్టి మల్లన్న, బీరప్ప కథలతో పాటు ఎల్లమ్మ కథా చెబుతారు. బైండ్లవాళ్ళు ఎల్లమ్మ కథ ఎత్తుకుంటే చేతిలో జమిడిక ఉండాల్సిందే. ఉత్తరాంధ్రలో దాని చుట్టాన్ని జముకు అంటారు. అదిప్పుడు ఎంతమంది చేతుల్లో ఉంది, రేపు ఎవరు నేర్చుకుంటారు అన్న దిగులు కూడా ఆయన ప్రశ్నలో ఉంది. కోరుట్లలో గోలీ సోడా పందెం కాసినవాళ్ళకు ఆ చెవి లేదు. కవి సినారె పుట్టిన హనుమాజీపేట కూడా సిరిసిల్ల జిల్లాలోనే ఉంది. ఈ నేలకు పాట తెలుసు. సినిమా వాళ్ళు ఏం చేస్తారో చూద్దామని కాదు, ఏం మరిచిపోకూడదో ముందే చెబుదామని పెద్దాయన ఊహిస్తున్నాడు. ‘స్మైల్’ ముక్కల్ని అన్నేళ్ళు పట్టుకుని కూర్చున్నవాళ్ళ గురించి కూడా ఇదే చోట రాసింది తప్పు. వాళ్ళు వదిలేసి ఉంటే పూర్తి చేయమని విల్సన్‌ను అడిగేవాళ్ళే ఉండకపోదురు.

ఆ పొద్దు తర్వాత జరిగింది చెప్పాలి. జమిడిక అంటే ఏందని ఆ కుర్రాడు అడిగాడు గదా. పెద్దాయన చాయ్ తాగేసిన కాగితం కప్పు అడుగున పిన్నీసుతో బొక్క పొడిచాడు. అంగీకి అంటుకున్న పాలిస్టర్ పోగులు నాలుగు పీకి, పేని, అందులోంచి దూర్చి, లోపల అగ్గిపుల్ల ముక్క కట్టాడు. కప్పును చంకలో ఇరికించుకుని దారం లాగి వేలితో మీటాడు. బిగిస్తే సన్నగా పలికింది. వదిలితే బొంగురుగా కిందికి దిగింది, మనిషి మూలిగినట్టు. రెండుసార్లు చేశాడు.

“అసలుదానికి తోలు ఉంటది, తంతి ఉంటది. గిది ఊకె చూపెట్టిన.”

పిల్లవాడు కప్పు తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. మరీ గట్టిగా లాగాడు, దారం తెగింది. సాంచ మీద తెగిన పోగు కలిపినట్టే, చూడకుండానే వేళ్ళతో ముడేసి మళ్ళీ లాగాడు.