పారశీక తివాచీలో పూల అంచు: అర్దబీల్ తివాచీల ఆధారంగా ఒక పరిశీలన

పారశీక తివాచీలను గురించిన విమర్శలో మధ్యభాగానికి దక్కిన శ్రద్ధ అంచుకు దక్కలేదు. పతకాన్ని స్వర్గవనంగానో గుమ్మటంగానో వ్యాఖ్యానించిన పండితులు అంచును చిత్రపటానికి కట్టిన చట్రంలా చూసి వదిలేశారు. ఈ ఉపేక్ష ఫలితం అర్దబీల్ తివాచీల చరిత్రలో కనిపిస్తుంది. వాయవ్య ఇరాన్‌లోని షేక్ సఫీ సమాధి మందిరానికి చెందినవిగా ప్రసిద్ధమైన ఈ జంట తివాచీలలో హిజ్రీ 946 (క్రీ.శ. 1539-40) అన్న సంవత్సరం, మక్సూద్ కాషానీ అన్న పేరు నేతలోనే ఉన్నాయి. 19వ శతాబ్ది చివరలో ఒకదాని భాగాలు కోసి రెండవదానిని బాగుచేశారు. అలా నిండుదనం పొందిన తివాచీని విలియం మోరిస్ సిఫారసుపై, నేడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ పేరుతో ఉన్న లండన్ మ్యూజియం 1893లో 2,000 పౌండ్లకు కొన్నది. లాస్ ఏంజెలెస్ చేరిన జంట తివాచీలో పతకం, శాసనం మిగిలాయి, అంచు పోయింది. కోత తప్పనప్పుడు దేనిని వదులుకోవచ్చునని భావించారో దీనివల్ల స్పష్టమవుతున్నది.

మగ్గం దగ్గర ఈ ప్రాధాన్యక్రమం నిలవదు. తివాచీని అడుగు నుండి పైకి వరుస వెంట వరుసగా ముడివేస్తారు. తొలి వరుసలన్నీ అంచే. ఆపై ప్రతి వరుసా అంచుతో మొదలై అంచుతోనే ముగుస్తుంది. పతకం రూపు కట్టకముందే నేతగాని లెక్క సరిపోయిందో లేదో అంచు తేల్చి చెబుతుంది.

ఆ లెక్క సులభమైనది కాదు. చీర అంచు పడుగు వెంట సాగిపోతుంది. కొంగు వచ్చినా మలుపు తిరగదు. తివాచీ అంచు నాలుగు వైపులా తిరిగి తనను తానే కలుసుకోవాలి. పూవు, ఆకు, మళ్ళీ పూవు అన్న ఆవృత్తి పొడవులోనూ వెడల్పులోనూ తెగకుండా ఇమడాలి. పడుగు వైపు, పేక వైపు ముడుల సాంద్రత సమానం కాకపోతే అదే పూవును నిలువు అంచులో ఒక లెక్కతో, అడ్డ అంచులో మరొక లెక్కతో గీయాలి. ఆస్థాన కర్మశాలల్లో నక్షా గీసే చిత్రకారుడు ఈ చిక్కును ముందే విప్పేవాడు. అర్దబీల్ అంచులో పొడవాటి గడులు, గుండ్రని గడులు మార్చి మార్చి వస్తాయి. గుండ్రని గడికి తల, అడుగు అన్న భేదం లేదు గనుక ఏ దిక్కు నుండి చూసినా ఒదుగుతుంది. చదరపు సెంటీమీటరుకు సుమారు 53 ముడులున్న ఈ నేతలో ‘ఖతాయీ’ పూలతీగ వంపు ఎక్కడా మెట్లుమెట్లుగా విరగదు. ఖతాయ్ అంటే చైనా. పద్మాన్ని పోలిన ఆ పూల మూలాన్ని పేరే చెబుతున్నది.

పల్లె నేతల్లో చాలాచోట్ల మూల దగ్గర తీగ ఉన్నట్టుండి తెగి, అడ్డ అంచు కొత్తగా మొదలవుతుంది. దీనిని లోపంగా లెక్కించే అలవాటు పరిశీలకులలో ఉంది. జ్ఞాపకం నుండి నేసినదానికి కాగితపు నక్షాను కొలబద్ద చేయడం న్యాయం కాదు. అక్కడ తెగిన తీగ నేతగాని చేతి నిర్ణయం.

పారశీకంలో అంచును ‘హాషియే’ అంటారు. పుస్తకపు మార్జినుకూ, అందులో రాసే వ్యాఖ్యకూ అదే మాట. తివాచీ విమర్శ ఈ రెండవ అర్థాన్ని పట్టించుకోలేదు. నేడు లండన్ తివాచీ పొడవు పదిన్నర మీటర్లు. దాని జంటది ఏడు మీటర్ల పైచిలుకు మాత్రమే.