కుండ లేని వంట, కొత్త తినే పండగ

విశాఖ నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు అనంతగిరి దాటాక అక్కడక్కడా పొగ కనిపిస్తుంది. రోడ్డు పక్క పాకల ముందు పచ్చి వెదురు బొంగులు నిప్పుల మీద ఏటవాలుగా ఆనించి ఉంటాయి. బొంగులో చికెన్ ఇప్పుడు అరకుకీ మారేడుమిల్లికీ చిరునామా అయిపోయింది. వారాంతాల్లో కార్లు ఆగేది ముందు దీని కోసమే, బొర్రా గుహలు ఆ తర్వాతే.

ఇది మొదట హోటలు వంట కాదు. అడవిలోకి పోయినవాళ్లు, పోడు పొలాల దగ్గర రాత్రి కాపలా ఉన్నవాళ్లు కుండలు మోసుకుపోరు. చేతిలో కత్తి ఉంటుంది, చుట్టూ వెదురు ఉంటుంది. అదే పాత్ర, అదే మూకుడు.

బొంగు ఎంచుకోవడంలోనే సగం వంట ఉంది. ఎండు వెదురు పనికిరాదు, పాత్ర కావాల్సింది కాస్తా కట్టెలా అంటుకుంటుంది. పచ్చి బొంగు గోడలో నీరుంటుంది. ఆ నీరు ఆవిరైపోయేదాకా మంట పైపైన మాడుస్తుందే గాని లోపలికి దూరదు. కింది కణుపు ఉంచి పై కణుపు దగ్గర కోస్తే అడుగున్న గొట్టం సిద్ధం. కోడి ముక్కలకు ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి అందులోకి జారవిడుస్తారు. నూనె వేయరు, నీళ్లు పోయరు. కోడి కొవ్వు కరుగుతుంది, మాంసంలోని నీరూ వెదురు తడీ కలిసి ఆవిరవుతాయి, ముక్క ఆ ఆవిరిలోనే ఉడుకుతుంది. మూతికి అడ్డాకో మరో ఆకో ఉండ చుట్టి కుక్కుతారు. ఇక్కడే అనుభవం తెలిసేది. ఆకు వదులైతే ఆవిరంతా పోయి ముక్క ఎండుతుంది. మరీ బిగిస్తే ఆవిరికి దారి లేక బొంగు పగులుతుంది. గొట్టాన్ని నిండా కూరినా ఇబ్బందే, మధ్య ముక్కలు పచ్చిగా ఉండిపోతాయి. తర్వాత అరగంట, ముప్పావుగంట నిప్పుల మీద తిప్పుతూ కూర్చోవడమే. వండేవాళ్లు గడియారం చూడరు. బొంగు పచ్చదనం పోయి నల్లబడాలి, ఆకు సందులోంచి వచ్చే ఆవిరిలో పచ్చి అల్లం వాసన పోవాలి. అప్పుడు ఆకు తీసి విస్తట్లోకి తడితే ముక్కలు తడితడిగా జారతాయి.

దుకాణాల్లో దొరికేదంతా ఇలా ఉండదు. బ్రాయిలర్ కోడి, దండిగా మసాలా, ఎర్రరంగు ఉన్నచోట వెదురు వాసన మిగలదు. అలాంటిది తినడానికి కొండెక్కక్కర్లేదు. కళ్లముందు బొంగు కోసి, నాటుకోడి పెట్టి, ఆలస్యమవుతుందని ముందే చెప్పే పాకను వెతకండి. మరో మాట కూడా అనుకోవాలి. ఒక బొంగు ఒక్కసారికే పనికొస్తుంది. అడవిలో నలుగురికి సరిపోయే పద్ధతిని రోజూ వందలమందికి పెడితే ఆ వెదురంతా ఎక్కడినుంచి రావాలి?

మన్యంలో ఎక్కడ తినాలి అన్నదానికన్నా ఎప్పుడు తినాలి అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు పండగల్లో ఉంది. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోందులు, పోర్జలు, గదబలు ఉండే ఈ కొండల్లో చేతికొచ్చిన పంటను వెంటనే నోట్లో వేసుకోరు. ముందు గ్రామదేవతకు పెట్టి, ఊరంతా కలిసి ‘కొత్త’ తినాలి. కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త అంటూ పంటపంటకూ పండగే. కొత్త తినే రోజు రాకుండా కాయ కోయకూడదన్న కట్టుబాటును మూఢనమ్మకమని తీసిపారేసేవాళ్లున్నారు. కాయ ముదరాలి, గింజ గట్టిపడాలి, వచ్చే ఏటికి విత్తనం మిగలాలి. ఆ పని కట్టుబాటు చేసిపెడుతోంది కదా.

చైత్రంలో వచ్చే ఇటుకల పండగ వీటిలో పెద్దది. ఊరు తన విత్తనాలను దేవత ముందు పెట్టి, పూజ చేయించి, ఆ తర్వాతే దుక్కికి దిగుతుంది. పూర్వం మగవాళ్లు రోజుల తరబడి వేటకు పోయేవాళ్లు. ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్ల ఎగతాళి తప్పేది కాదు. వేటను చట్టం నిషేధించింది. పండగ నాట్యం థింసా మాత్రం సాగుతోంది. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకున్న ఆడవాళ్ల వరస తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ముల మోతకు వంగి లేస్తూ చుట్టు తిరుగుతుంది. రిసార్టులో పావుగంట చూపించే థింసాకూ, పండగ ఊళ్లో రాత్రంతా ఆడే థింసాకూ పోలికే లేదు. వేసవిలోనే, మేలో, పాడేరు మోదకొండమ్మ జాతర కూడా వస్తుంది. అక్కడ జనమే జనం, నెమ్మదిగా చూడాలనుకునేవాళ్లకు సరిపడదు.

వానాకాలంలో వస్తే వెదురు కొమ్ములు, అంటే లేత మొలకలు, దొరుకుతాయి. సన్నగా తరిగి ఉడికించి నీళ్లు పారబోశాకే కూర వండాలి, పచ్చివాటిలో విషగుణం ఉంటుంది. అడవి పుట్టగొడుగులూ అప్పుడే. చలికాలంలో వలిసె పూలు కొండవాలు నిండా పసుపు పరుస్తాయి. అందరూ ఫొటోలు దిగి వెళ్లిపోతారు, ఆ గింజ నూనెతో వండిన కూర అడిగేవాళ్లు తక్కువ. సిల్వర్ ఓక్ నీడన కాఫీ పళ్లు ఎర్రబడి కోతకొచ్చేదీ ఈ రోజుల్లోనే. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇక తినడానికి నా ఓటు వారపు సంతకే. చోడి అంబలి, సామలు, ఆకుల్లో పోగేసిన దుంపలు, పొద్దున్నే దించిన జీలుగు కల్లు. ఏ ఊళ్లో పండగ ఎప్పుడో చెప్పేదీ సంతే. ఇటుకల పండగ తేదీ ఊరూరికీ మారుతుంది, ఏ యాప్‌లోనూ దొరకదు. ఆ పండగ రోజుల్లో ఆడవాళ్లు దారికడ్డంగా కర్ర పెట్టి చందా కోసం బండి ఆపుతారు. హారన్ కొట్టకండి, బేరమాడకండి. జేబులో చిల్లర ఉంచుకుని ఇవ్వండి. ఫొటో తీసే ముందు అడగండి. కాస్త ఆగితే అక్కడే నాలుగడుగులు వేయమని మిమ్మల్నీ వరసలోకి లాగుతారు.