బలం వాడని చేయి

తొంటి తప్పి పుట్టిన పసిబిడ్డకు మొదట వేసేది పావ్లిక్ పట్టీ. చెక్ వైద్యుడు ఆర్నాల్డ్ పావ్లిక్ 1940ల్లో రూపొందించింది. భుజాల మీదుగా పాదాల దాకా దిగే ఆ వార్లలో బిడ్డ కాళ్ళాడిస్తూనే ఉంటుంది, తొడ ఎముక బంతి దానంతటదే తొంటి గిన్నెలోకి చేరుతుంది. ఎక్కువమంది పిల్లలకు అంతటితో సరిపోతుంది. మూడు నాలుగు వారాలైనా అల్ట్రాసౌండులో బంతి గిన్నె బయటే కనిపిస్తే మాత్రం ఆ పట్టీ తీసెయ్యాలి. బయట ఉండిపోయిన బంతి గిన్నె వెనక అంచును ఒరిసి ఒరిసి పాడుచేస్తుంది. ‘ఇంకొన్నాళ్ళు చూద్దాం’ అనకుండా ఆపడంతోనే మంచి వైద్యుడి పనితనం మొదలవుతుంది.

ఆ తర్వాత కొందరికి గట్టి బ్రేసు ప్రయత్నిస్తారు. అదీ కుదరకపోతే, సాధారణంగా ఆరు నెలల వయసు దాటాక, బిడ్డకు మత్తిచ్చి కోత లేకుండా చేత్తోనే కీలు కూర్చోబెడతారు. నన్ను అబ్బురపరిచేది ఈ ఘట్టమే. వైద్యుడు మోకాలు పట్టుకుని తొడను పొట్టవైపు మడిచి, నెమ్మదిగా పక్కకు తెరుస్తూ, తొంటి వెనక పెట్టిన వేళ్ళతో కాస్త ఎత్తుతాడు. బంతి గిన్నె అంచు దాటి లోపలికి జారడం చెవికంటే ముందు వేలికి తెలుస్తుంది.

జారినంత మాత్రాన పని కాలేదు. కీలులోకి రంగుమందు ఎక్కించి ఎక్స్-రేలో చూస్తారు. బంతికీ గిన్నె అడుగుకీ మధ్య మందు మడుగు కట్టిందంటే దారిలో ఏదో అడ్డుంది: గిన్నెలో పేరుకున్న కొవ్వో, సాగిపోయిన లిగమెంటో, కీలు సంచిని నడుం నొక్కినట్టు నొక్కే కండర స్నాయువో. అప్పుడు నెట్టడం తప్పు.

ఈ సంగతి వైద్యలోకానికి చాలా మూల్యం చెల్లించాకే తెలిసింది. వియన్నా వైద్యుడు అడాల్ఫ్ లోరెంజ్ కత్తి పట్టకుండా చేతి బలంతో తొంటి సరిచేస్తాడని పేరుపొందాడు. 1902లో షికాగో ధనికుడు జె. ఆగ్డెన్ ఆర్మర్ కూతురికి చికిత్స చేయడానికి సముద్రం దాటి వెళ్ళాడు. ఆయన పద్ధతిలో తొడలను కప్పకాళ్ళలా పూర్తిగా పరిచి ప్లాస్టర్ వేసేవారు. అలా బలవంతంగా పరిస్తే బంతికి నెత్తురు మోసే సన్నని నాళాలు నలిగి, ఎముకే చచ్చిపోయే ప్రమాదం ఉంది. టొరంటోలో రాబర్ట్ సాల్టర్ బృందం 1969లో ఈ నష్టాన్ని పరిశోధించి చూపింది. తొడలు బాగా మడిచి, మితంగా మాత్రమే తెరిచే భంగిమను సాల్టర్ ‘మానవ భంగిమ’ అన్నాడు. మన అమ్మలు చంకనెత్తుకున్న బిడ్డ కాళ్ళు ఇంచుమించు అలాగే ఉంటాయి.

ఎంత తెరవాలన్నది ఏ బిడ్డకు ఆ బిడ్డకే కొలవాలి. తొడను దగ్గరికి తెస్తూంటే, ఉదాహరణకు, 30 డిగ్రీల దగ్గర బంతి జారిపోయి, 65 దాకా ఇబ్బంది లేకుండా తెరుచుకుంటే, ఆ నడుమ ఉన్నదే క్షేమమైన చోటు. అది మరీ ఇరుకైతే గజ్జలో బిగుసుకున్న స్నాయువును చిన్న గాటుతో వదులు చేస్తారు.

ఇక స్పైకా కట్టు. బిడ్డను చిన్న బల్లమీద ఎత్తి పట్టుకుంటే, ఛాతీ నుంచి కాళ్ళ దాకా దూది చుట్టి ప్లాస్టర్ వేస్తారు. పొట్టమీద మడతపెట్టిన తువ్వాలు ఉంచి, కట్టు గట్టిపడ్డాక లాగేస్తారు. పాలు తాగిన పొట్టకు అంత చోటు కావాలి. ప్లాస్టర్ తడిగా ఉండగానే ఒక అరచేయి తొంటి వెనక ఆని ముందుకు అదుముతుంది. బంతిని నిలిపేది ఆ అరచేతి ముద్రే. కట్టు ఆరాక సీటీ గానీ ఎమ్మారై గానీ తీసి బంతి లోపలే ఉందని చూసుకుంటారు. సుమారు ఆరు వారాలకు మళ్ళీ మత్తిచ్చి కట్టు మారుస్తారు; మొత్తం మీద కట్టు మూడు నెలలు ఉంటుంది.

అప్పటికీ కుదరని తొంటిని కోసి సరిచేయాల్సిందే. కోత దాకా వెళ్ళిన వైద్యుడు ఓడిపోయాడని నేననుకోను. బలం వాడి కూర్చోబెట్టినవాడే ఓడిపోయినట్టు.

మీ ఇంట్లో పసిబిడ్డకు పట్టీ వేసి నెల కావస్తుంటే, డాక్టరుగారిని ఒక్క మాట అడగండి: బంతి గిన్నెలో ఉందా, లేదా?