చెరువు నీరు, అభ్యంతరం చెప్పే హక్కు

బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలో ఉంది సూర్యలంక. విహారానికి వచ్చినవారు అక్కడ ఇసుకను, సరుగుడు తోటలను, సూర్యోదయాన్ని చూస్తారు. మత్స్యకారుడు అదే ఇసుకలో పడవ నిలిపే చోటును, వల ఆరవేసే చోటును, తుపాను వస్తే ఇల్లు విడిచి పోవలసిన దారిని చూస్తాడు. తీరం ఒకటే, చూపులు రెండు. పర్యావరణాన్ని గురించిన చర్చల్లో ఈ రెండవ చూపునకు తావెక్కడ?

కొలతలు అనవసరమని ఎవరూ అనరు. బాపట్లలో 1945లో వెలసిన వ్యవసాయ కళాశాల ఉంది. ఉప్పునీటి సమస్యపై ఆ పట్టణంలో పరిశోధన సాగింది. నీటిలో ఉప్పు ఎంత పెరిగితే పైరు నిలవదో శాస్త్రం చెప్పగలదు, చెప్పాలి కూడా. కాని నీరు చెడిందని ఫిర్యాదు చేసే హక్కు ఎవరికుంది, ఎవరి ఫిర్యాదును ఊరు ఆలకిస్తుంది అన్నవి రసాయన పరీక్షకు అందని విషయాలు. సాహిత్యానికి, చరిత్రకు, న్యాయతత్త్వానికి పని పడేది ఇక్కడే. ఈ మానవీయ శాస్త్రాలకు సాధారణంగా అప్పగించే పని ప్రచారం: చెట్లు నాటమని పాట రాయడం, నీరు పొదుపు చేయమని నాటకం ఆడించడం. అది వాటి శక్తిని తక్కువగా అంచనా వేయడమే అవుతుంది.

నాడు ప్రకాశం జిల్లాలో ఉండి, 2022 నుంచి సూర్యలంకతోపాటు బాపట్ల జిల్లాలో చేరిన కారంచేడు ఇందుకు నిదర్శనం. 1985 జులై 16న అక్కడ మాదిగలు తాగే చెరువు నీటిని అగ్రకులంవారు పశువుల పనికి వాడి మురికి చేశారు. మాదిగలు అభ్యంతరం చెప్పారు. ఒక మహిళ ఎదురు నిలిచింది. మరునాడు జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాలకు తరలిపోయారు. నీటి కాలుష్యం ఒక శాఖకు, కులహింస మరొక శాఖకు చెందిన విషయాలని విడదీస్తే ఈ ఘటన అర్థం కాదు. ఆ ప్రాణాలు పోయింది నీరు మురికి అయినందువల్ల కాదు, మురికి అయిందని చెప్పినందువల్ల.

సాహిత్యం ఈ సంగతిని అంతకుముందే గ్రహించింది. గుంటూరు సీమకు చెందిన గుర్రం జాషువ 1941లో 'గబ్బిలం' ప్రకటించాడు. దానిని 'మేఘసందేశం'తో పోల్చి చదవడం వాడుక. ఆ పోలిక సరైనదే గాని చాలదు. అంటరానివాడు గబ్బిలాన్ని దూతగా ఎన్నుకున్నది అది గుడిలోకి పోగలదు, తాను పోలేడు గనుక. వర్ణనలో అందరిదిగా కనిపించే దేశం నడకకు వచ్చేసరికి కొందరిదే అవుతున్నదన్న మాట. ప్రకృతి కవిత్వాన్ని కేవలం సౌందర్య దృష్టితో పరిశీలించే విమర్శకు ఈ తేడా దొరకదు. కారంచేడు తర్వాత బలపడిన దళిత కవిత్వం, 1995లో వెలువడిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం ఆ దృష్టినే ప్రశ్నించాయి.

ధర్మశాస్త్ర చరిత్ర కూడా ఇక్కడ ఉపకరిస్తుంది. ఇస్లామీ ఫిఖ్హ్‌లో 'షఫా' అంటే దప్పిగొన్న మనిషికి, పశువుకు తాగునీటిపై ఉన్న హక్కు. పొలం పారించుకునే హక్కు 'షిర్బ్' దాని తర్వాతదే. సొంత బావి గలవాడు సైతం మిగులు నీటిని దాహార్తునికి నిరాకరించరాదు. ఉదాత్తమైన నియమమే. అయితే గ్రంథంలోని హక్కు చెరువుగట్టున నిలవాలంటే దాన్ని అడిగినవాడు క్షేమంగా ఇల్లు చేరాలి. ఏ ధర్మశాస్త్రమూ ఈ షరతును తనంతట తాను నెరవేర్చలేదు.

తీరానికి సంబంధించి ఒకసారి ఈ రెండు దృష్టులు కలిశాయి. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువులపై తీర్పు చెప్పింది. తాగునీరు ఉప్పుబారడాన్ని, మత్స్యకారులకు సముద్రం దారి మూసుకుపోవడాన్ని ఆ తీర్పు ఒకేచోట పరిగణించింది. 2005 నాటి చట్టం రొయ్యల సాగును తిరిగి అనుమతుల పద్ధతిలోకి తెచ్చింది. అనుమతి పత్రంలో నీటి పరీక్షకు గడి ఉంటుంది. పడవల దారి ఎవరు అడిగారన్న దానికీ ఒక గడి ఉండాలి.

మానవీయ శాస్త్రాలు చెరువును శుభ్రం చేయలేవు, ఉప్పెనను ఆపలేవు. చెరువు చెడిందన్నవాని మాటను సాక్ష్యంగా నిలబెట్టగలవు. రేపు సూర్యలంకకు ఏ పథకం వచ్చినా, ఇసుకను కొలిచే ముందు వల ఆరవేసే చోటును ఏ పేరుతో పిలుస్తారో మత్స్యకారులను అడిగి రాసుకోవడం ఆ పనికి మొదలు.