పెదవి తగలని రాగం

సరిగమలు పాడుతూ ఒకసారి మీ పెదవుల సంగతి చూసుకోండి. స, రి, గ అంటున్నంతసేపూ అవి విడిగానే ఉంటాయి. మ దగ్గర కలుస్తాయి, ప దగ్గర మళ్ళీ కలుస్తాయి. ద, ని దగ్గర వాటికి పనిలేదు. మ, ప రెండిటినీ తీసి పక్కన పెడితే పెదవికి పెదవి తగలకుండా ఒక రాగం పాడెయ్యొచ్చు. హరికేశనల్లూర్ ముత్తయ్య భాగవతార్ (1877–1945) ఆ పనే చేశారు. శంకరాభరణంలోంచి మ, ప తీసేసి, మిగిలిన స రి గ ద నిలకు ‘నిరోష్ఠ’ అని పేరు పెట్టి, ‘రాజరాజ రాధితే’ అనే కృతి కట్టారు. అంతటితో ఊరుకోలేదు. ఆ కృతి సంస్కృత సాహిత్యంలో సైతం పెదవులు కలిసే అక్షరాలు పడకుండా చూసుకున్నారు. సంతకంలా వేసుకునే ఆయన ముద్ర ‘హరికేశ’లో కూడా అలాంటి అక్షరం లేకపోవడం ఆయన అదృష్టం!

అవధానంలో నిషిద్ధాక్షరికి చప్పట్లు కొట్టినవాళ్ళం కాబట్టి మనకి ఈ సరదా కొత్త కాదు. కానీ కచేరీలో ఈ కృతి విన్నప్పుడల్లా నాకో అనుమానం. ఇందులో ముందు పుట్టింది మాటా, స్వరమా?

వాగ్గేయకారుడంటే వాక్కు, గేయం రెండూ తనవే అయినవాడు. త్యాగరాజు కృతుల్లో రెండూ ఒకేసారి పుట్టినట్టుంటాయి. రాముడితో దెబ్బలాడే గొంతులోనే రాగం ఉంటుంది. ఆయన 1847లో వెళ్ళిపోయాక కలం పట్టినవాళ్ళకి పెద్ద చిక్కే వచ్చింది. తోడి, కల్యాణి, భైరవి వంటి పెద్ద రాగాల్లో ఏం రాసినా పక్కన ఆయన కృతి నిలబడి ఉంటుంది. అరుదైన రాగాలకి పోదామన్నా చాలాచోట్ల ఆయన ముందే వెళ్ళి వచ్చారు. మరోపక్క కాలమూ మారింది. దేవుడి ముందు, శిష్యుల మధ్య పాడుకునే పాట టిక్కెట్టు కొన్న శ్రోతల ముందుకి వచ్చింది. రెండు మూడు గంటల కచేరీలో వరసగా డజను అంశాలు కావాలి. వర్ణం అయిన వెంటనే హుషారుగా సాగే కృతి ఒకటుండాలి, దాని చివర బిగువైన చిట్టస్వరం ఉండాలి.

ఆ అవసరాన్ని బాగా పసిగట్టినవారు పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ (1845–1902). మన పిల్లలు సంగీతం క్లాసుల్లో నేర్చుకునే ఆభోగి వర్ణం ఆయనదే. కదనకుతూహలం రాగమూ ఆయనదే. స రి మ ద ని గ ప స అంటూ మెట్లు దాటుకుంటూ గెంతే ఆరోహణ అది. వినగానే బ్యాండుమేళం గుర్తొస్తే తప్పు మీది కాదు. అందులోని ‘రఘువంశ సుధా’ అంటే వాద్యకారులకి ప్రాణం.

ఇక్కడ కాస్త ఆగాలి. మన రాగం బతికేది గమకంలో. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు. ఇటు రిషభాన్ని, అటు మధ్యమాన్ని తడుముతూ ఊగుతుంది. ఊగడానికి ఇరుగుపొరుగు ఉండాలి. స్వరాలు తీసేసినకొద్దీ, క్రమం తప్పించినకొద్దీ ఆ ఇరుగుపొరుగు దూరమవుతుంది. మిగిలిన స్వరం నిటారుగా నిలబడిపోతుంది. కొత్త రాగాలు చాలావాటికి వీణ మీద వచ్చే వంపు కంటే కీబోర్డు మీద వచ్చే తళుకు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

ఈ దారిలో చివరిదాకా నడిచినవారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016), అప్పటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన మనవారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పారుపల్లివారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన గురువు, త్యాగరాజు శిష్యుడైన మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. పట్నంవారూ ఆ వెంకటసుబ్బయ్య శిష్యులే. ఒకే చెట్టు, రెండు కొమ్మలు.

72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రాసిన బాలమురళి, రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్న మాటని పట్టించుకోలేదు. మహతిలో స గ ప ని, అంతే. లవంగిలో స రి మ ద. సర్వశ్రీలో మూడే. ఇవి రాగాలెలా అవుతాయని పండితులు పెద్ద రచ్చే చేశారు. త్యాగరాజు పాడిన నవరస కన్నడ ఆరోహణలో ఉన్నవీ స గ మ ప నాలుగే కదా అని నాకనిపిస్తుంది. అయితే దాని అవరోహణలో స ని ద మ గ రి స అని చుట్టాలందరూ దిగి వస్తారు. మహతికి ఆ బంధుబలగం లేదు. పైగా ఆ నాలుగు స్వరాలనూ పియానో మీద ఒక్కసారి నొక్కితే పాశ్చాత్యులు ‘డామినెంట్ సెవెంత్’ అనే కార్డ్ (chord) పలుకుతుంది. వాళ్ళు గుత్తిగా మోగించేదాన్ని ఈయన దారం మీద పూసల్లా గుచ్చారు. మహతిలో గంటసేపు ఆలాపన సాగదని నా నమ్మకం. ‘మహనీయ మధురమూర్తే’ సాగినంతసేపు మాత్రం ఆ లోటు గుర్తుకు రాదు.

స్వరం ముందు పుట్టినా మాటని వదిలేయని చమత్కారం ఒకటుంది, స్వరాక్షరం. ‘పద’ అనే మాట పంచమ ధైవతాల మీదే పడటం, ‘సరి’ అన్నది సరిగ్గా స రి మీదే పలకడం. తెలుగులో సరి, మరి, నిగనిగ, పదపద అంటూ ఇలాంటి మాటలకి కొదవలేదు. ఎక్కువ మాటలు అచ్చుతో ముగియడం ఇంకో వసతి. రాగం సాగడానికి అడ్డుండదు. తంజావూరు ఆస్థానంలో తెలుగుకి ఆదరణ ఉండేది సరే, పరాయి ఇళ్ళలో తెలుగు పాట అంతకాలం నిలవడానికి ఈ వసతి కూడా కారణమే.

ఇంతా చేసి, కొత్త రాగం జోలికే పోకుండా గెలిచినవారూ ఉన్నారు. మైసూరు వాసుదేవాచార్యులు (1865–1961), పట్నంవారి శిష్యులు, ఇంట్లో మాట్లాడేది కన్నడం. పాత ఖమాస్ రాగంలో ‘బ్రోచేవారెవరురా’ రాశారు. ‘శంకరాభరణం’ సినిమా తర్వాత అది సంగీతం రానివాళ్ళ నోళ్ళలోనూ నానింది. అది త్యాగరాజ కీర్తనే అనుకునేవాళ్ళు కొందరు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. దాన్ని మించిన మెప్పు వాసుదేవాచార్యులకి ఇంకేముంటుంది?

మాట ముందా, స్వరం ముందా అన్నదానికి తిరుపతిలో మరో జవాబుంది. అన్నమయ్య పదాలు 15వ శతాబ్దివి. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరుంది గాని, దాన్నెలా పాడాలో స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు కూర్చుని వాటికి వరసలు కట్టారు. చాలాసార్లు రేకు మీదున్న రాగాన్ని పక్కనపెట్టి, మాట అడిగిన రాగం ఎంచుకున్నారు. అంటే మనం వింటున్నది ఐదు వందల ఏళ్ళ వాక్కు, మన కళ్ళ ముందు పుట్టిన గేయం. కచేరీలో మాత్రం ‘అన్నమాచార్య కీర్తన, ఆది తాళం’ అని చెప్పి పాడేస్తారు. చరణం చివర వేంకటేశుడి ముద్ర వస్తుంది. వరస కట్టినవారికి అందులో ముద్ర లేదు.